ఆదివారం ఏసీ: ఒక చిన్న చర్చి మ్యూజియంలో ఉప్పు కథ

రత్నమ్మ గారు ప్రతి సోమవారం పొద్దున చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తే పొడితో ఈ కేసు మొదలైంది. తెల్లగా, మెత్తగా, ముగ్గుపిండిలా ఉండేది. "శనివారం శుభ్రంగా తుడిచే పోతాను తల్లీ. సోమవారానికి మళ్లీ రాలి ఉంటుంది. గుడి గోడ కదా, చెత్తలో పడెయ్యడానికి మనసొప్పక దాచి పెట్టా" అంటూ ఒక హార్లిక్స్ సీసా నా చేతికిచ్చింది. సగం పైగా నిండి ఉంది. ఆ తర్వాత ఏడాదిన్నరలో నాకు దొరికిన సాక్ష్యాల్లో దాన్ని మించింది లేదు. అయితే ఆ రోజు దాన్ని పక్కన పెట్టేసి గోడల వైపు చూశాను.

నా పని పాత వస్తువుల సంరక్షణ. రాయి, సున్నం, ఇటుక ఎక్కువగా చూస్తాను. ఉత్తర చెన్నైలో, రాయపురం వైపు, సముద్రానికి నడిచే దూరంలో ఉన్న ఒక తెలుగు సంఘం నన్ను పిలిచింది. పేరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. రాయపురంలో 1856లో రైలు స్టేషన్ వచ్చింది. తర్వాత హార్బరు పనులు పెరిగాయి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు. ఆరాధన మాత్రం తెలుగులోనే.

పాత చాపెల్ ఇప్పుడు లేదు. దూలాలకు చెద పట్టింది, సంఘం పెరిగింది, ఉన్న చోటు చాల్లేదు. అదే స్థలంలో కాంక్రీటు మందిరం లేచింది. కూల్చేటప్పుడు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పని చేసి రిటైరైన ఒక సంఘ పెద్ద మాత్రం రోజూ వచ్చి నిలబడి "ఇది పక్కన పెట్టండి, అది పక్కన పెట్టండి" అంటూ కొన్ని ముక్కలు కాపాడాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు, నేనూ అలాగే అంటాను. ఆ ముక్కలు కొన్నేళ్లు రేకుల షెడ్డులో పడి ఉన్నాయి. ఆరేళ్ల కిందట కొత్త మందిరం పక్కన ఒక గది కట్టి, అరలు పెట్టి, మ్యూజియం అని బోర్డు తగిలించారు. ఆదివారం ఆరాధన అయ్యాక తెరుస్తారు.

మొత్తం 41 వస్తువులు. సున్నపు తలకట్టులు రెండు, అంటే స్తంభం పైన ఆకుల డిజైను చేసే భాగం. కమాను మధ్య రాయి. నీలి సున్నం వేసిన గోడ పూత పెచ్చులు. బొటనవేలంత మందం కూడా లేని పాత ఇటుకలు. బలిపీఠం ముందుండే టేకు కమ్మీ. పగిలిన గంట. బిస్కెట్ డబ్బాలో రంగు అద్దాల ముక్కలు. తెలుగు అక్షరాలు చెక్కిన నల్లరాతి పలక. బాప్తిస్మ రిజిస్టరు. షెడ్డులో వానకు తడిసిన కాలంలో వీటికి పెద్దగా ఏమీ కాలేదు. గదిలోకి వచ్చాకే రాలడం మొదలైంది.

ఆ తలకట్టుల గురించి కొంచెం చెప్పాలి. మద్రాసు చునాం అని పాత రాతల్లో తెగ పొగిడిన సున్నం ఇదే. సముద్రపు గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి చేసిన సున్నాన్ని గానుగలో నూరి, పెరుగు, నెయ్యి, గుడ్డు తెల్లసొన, బెల్లం నీళ్లు వంటివి కలిపి పలచగా పూతల మీద పూతలు వేసేవాళ్లు. ఆఖరి పూతను నున్నటి రాయితో గంటల తరబడి రుద్దితే పాలరాయిలా మెరిసేది. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. బాగా చేసిన పూత వందేళ్లు దాటినా గోరు దిగదు. మా తలకట్టుల్లో ఒకదానిపై ఆకుల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. రెండోదాని మీద ఎవరో ప్రేమకొద్దీ తెల్ల ఎనామెల్ పెయింట్ వేశారు. అది అట్ల పెనం మీద అట్టు లేచినట్టు, పెయింటుతో పాటు కింది సున్నాన్నీ పట్టుకుని ఊడి వస్తోంది.

నా తప్పు

మొదటి రోజే నిర్ణయించేశాను, నేల చెమ్మ అని. సముద్రం పక్కన, ఇసుక నేల, కింద ఉప్పు నీళ్లు. చెమ్మ పైకి పాకుతోంది, ముక్కల్లోకి ఎక్కుతోంది, చౌడు రాలుతోంది. చెన్నైలో వంద గోడల దగ్గర ఇదే చెప్పి ఉంటాను, తొంభై సార్లు నిజమై ఉంటుంది. ప్లాస్టిక్ షీట్ పరిపించి, దానిపై కడప రాళ్లు పెట్టించి, ముక్కలన్నీ నేల నుంచి పైకి ఎత్తించాను. డబ్బులు తీసుకున్నాను. మూడు నెలల తర్వాత వెళ్తే రత్నమ్మ గారు ఏమీ అనలేదు. సీసా మూత తీసి చూపించింది, అంతే. ముప్పావు వంతు నిండింది.

వానాకాలమే కారణమని వాళ్లకు రుజువు చేద్దామని (నిజానికి నన్ను నేను సమర్థించుకుందామని) గదిలో ఒక డేటా లాగర్ పెట్టాను. పావుగంటకోసారి వేడి, గాలిలో తేమ రాసుకుంటుంది. నెల తర్వాత గ్రాఫ్ తెరిస్తే తేమ గీత దాదాపు చదునుగా, 78 నుంచి 83 శాతం మధ్య పోతోంది. ప్రతి ఏడో రోజు మాత్రం రంపం పన్నులా కిందికి దిగి మళ్లీ లేస్తోంది. లాగర్ పాడైందనుకున్నాను. తర్వాత తేదీలు చూశాను. అన్నీ ఆదివారాలే. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలై రెండు గంటల్లో 54కు పడిపోతుంది. ఒంటిగంటకు మళ్లీ ఎక్కడం మొదలుపెట్టి, సోమవారం తెల్లారేసరికి 75 దాటేస్తుంది.

ఏసీ.

మామూలు ఉప్పుకు ఒక గీత ఉంది. చుట్టూ గాలిలో తేమ 75 శాతం దాటితే అది గాలిలోని నీళ్లు పీల్చుకుని కరిగిపోతుంది. అంతకన్నా తగ్గితే మళ్లీ గడ్డ కడుతుంది. ఇతర లవణాలు కలిస్తే ఆ గీత కొంచెం అటూ ఇటూ జరుగుతుంది, కానీ చెన్నైలో మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ ఉప్పే. కరిగి ఉన్నంతసేపు అది ఇటుక లోపల, సున్నం లోపల ఊరికే కూర్చుంటుంది. గడ్డ కట్టేటప్పుడు సన్నని రంధ్రాల్లో పెరిగే స్ఫటికం చుట్టూ ఉన్న గోడను నెడుతుంది. ఒక్కసారి నెడితే ఏమీ కాదు. ఈ గది కట్టిన దగ్గర్నుంచి ఏడాదికి 52 సార్లు, ఆరేళ్ల పాటు మనమే స్విచ్ నొక్కి నెట్టించాం. షెడ్డులో ఉన్నప్పుడు తేమ మారినా నెమ్మదిగా మారేది. ఇక్కడ రెండు గంటల్లో మారుతోంది.

మరి ఇంత ఉప్పు ఎక్కడిది? సముద్రపు గాలి సరే, పాత గోడ పునాది సరే. కానీ గోడ పైభాగం నుంచి వచ్చిన తలకట్టులో కూడా ఉప్పే. పొడిని డిస్టిల్డ్ వాటర్లో కలిపి వడగట్టి ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే పాలు విరిగినట్టు తెల్లగా ముద్ద కట్టింది, ఉప్పు ఉందనడానికి అది గుర్తు. రత్నమ్మ గారిని అడిగాను, "శనివారం దేంతో తుడుస్తారండీ?" "తడి గుడ్డతో." "నీళ్లు?" "ఇక్కడి బోరు నీళ్లే తల్లీ, ఇంకేం నీళ్లు?" క్యాన్ నీళ్లు పరీక్షించడానికి చెన్నైలో చాలా ఇళ్లలో ఉంచుకునే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చెప్పేది) తెప్పించి బోరు బక్కెట్లో ముంచాను. రెండు వేలు దాటింది. శనివారం ఉప్పు నీళ్లు తాగించడం, ఆదివారం ఎండబెట్టడం. ఆరేళ్లు.

నేను ఈ మాట ఆవిడకు వెంటనే చెప్పలేదు. మరో రోజు మెల్లగా, బోరు నీళ్లదే తప్పన్నట్టు చెప్పాను. ఆవిడకు అర్థం కాకుండా ఉంటుందా? ఆ వారం నాతో ముభావంగా ఉంది.

కమిటీ ముందు

ఏసీ తీసేయాలని చెప్పడం సాంకేతిక సమస్య కాదు. విదేశంలో ఉన్న ఒక సంఘ సభ్యుడు వాళ్లమ్మ జ్ఞాపకార్థం ఇచ్చాడు దాన్ని. కింద ఇత్తడి పలక మీద ఆవిడ పేరు, ఒక వాక్యం. పైగా మే నెలలో ఆ గదిలో నిలబడాలంటే ఏసీ లేకుండా ఎవరి తరం?

అందుకే మాటలతో వెళ్లలేదు. పాత ఇటుకల్లో విలువ లేని ముక్క ఒకటి రెండుగా కోయించి, రెండింటినీ బోరు నీళ్లలో నానబెట్టి, ఒకటి మ్యూజియం గదిలో, ఇంకొకటి ఏసీ లేని స్టోరు రూములో పెట్టాను. రెండింటి కింద నల్ల కాగితం. ఆరు ఆదివారాల తర్వాత రెండూ కమిటీ బల్ల మీద పెట్టాను. ఒకటి తడిమితే చేతికి ఎర్ర పొడి అంటుకుంటోంది. రెండోది ఇటుకలానే ఉంది.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "చల్లగా పెడితే పాడవుతాయంటావా అమ్మా? మందులు, పూలు, కూరగాయలు అన్నీ చల్లగానే కదా పెడతాం?"

నేను స్ఫటికాల గురించి మొదలుపెట్టాను. టీ తెచ్చిన రత్నమ్మ గారు అడ్డొచ్చింది. "వానాకాలం ఉప్పు జాడీ చెమ్మగిల్లుద్ది కదా అయ్యా. తర్వాత ఎండ తగిలితే రాయిలా గడ్డ కడుద్ది, గరిటె దిగదు. ఆ గడ్డే ఇటుకలో కడుతోందంట." నా పది నిమిషాల ఉపన్యాసం అక్కడితో అయిపోయింది.

పాస్టర్ అయ్యగారు ఒక మాట అన్నారు: ఏసీని తీసేయొద్దు, సండే స్కూల్ గదికి మారుద్దాం, ఇత్తడి పలకతో సహా. పిల్లలు ఉక్కతో ఏడుస్తున్నారు ఎటూ. దాతకు ఆయనే ఫోన్ చేశారు. ఆయన సంతోషపడ్డాడని విన్నాను.

చేసిన పని

ఏసీ పోయాక గదిలో ఎత్తున రెండు చిన్న కిటికీలకు దోమతెర వేసి తెరిపించాం. ఒక ఫ్యాను, అది కూడా ముక్కల మీదికి కాదు, మనుషుల మీదికి. తేమ తీసే యంత్రం కొందామన్నారు, వద్దన్నాను. కరెంటు పోయిన ప్రతిసారీ అదీ ఏసీలాగే తేమను ఎత్తి కుదేస్తుంది. ఒక ఇబ్బంది మిగిలింది. ఉప్పుకు బాగుండే తేమలో కాగితానికి బూజు వస్తుంది. అందుకని బాప్తిస్మ రిజిస్టరును రబ్బరు అంచున్న డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో పాస్టర్ ఆఫీసు బీరువాకు పంపాం. మ్యూజియంలో దాని ఫొటో మాత్రమే ఉంది. ఇది కొందరికి నచ్చలేదు. నచ్చకపోయినా తప్పదు.

తుడవడం ఇక పొడి బ్రష్‌తోనే.

తలకట్టుల నుంచి ఉప్పు లాగడానికి కాగితపు గుజ్జు పట్టీలు వాడాను. డిస్టిల్డ్ వాటర్లో నానిన గుజ్జును జపనీస్ టిష్యూ అనే పలచటి కాగితం మీదుగా అద్దితే, తడి లోపలికి వెళ్లి ఉప్పును కరిగిస్తుంది. గుజ్జు ఆరుతున్నకొద్దీ ఉప్పు బయటికి వచ్చి గుజ్జులో చిక్కుతుంది. ముందు రాలిన పెచ్చు మీద చేసి చూశాను, సున్నం తట్టుకుంటుందా అని. తీసిన గుజ్జును కొలిచిన నీళ్లలో వేసి టీడీఎస్ చూసేవాళ్లం. పదునైన తలకట్టుకు మొదటిసారి 940, రెండోసారి 410, మూడోసారి 160. నాలుగోసారి చేస్తే ఇంకా తగ్గేది. ఆకు సందుల్లో మిగిలిన పాత నీలి సున్నం లేస్తున్నట్టు కనిపించి ఆపేశాను. ఉప్పు కొంత ఉండనీ, ఆ నీలం పోతే మళ్లీ రాదు.

పెయింటు వేసిన తలకట్టు మీద పట్టీ పని చేయదు, పెయింటు నీళ్లను పోనివ్వదు. లేచిన పెచ్చుల్ని చిన్న కత్తితో విడదీస్తూ 17 రోజులు కూర్చున్నాం, నేనూ వ్యాసర్పాడి మేస్త్రీ ఒకాయనా. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ మేస్త్రీ వాళ్ల తాత డంగు సున్నం నూరేవాడట. కరక్కాయ ఊరబెట్టిన నీళ్లు, బెల్లం ఎంతెంత కలపాలో ఆయనకు చేతి లెక్క ఉంది. కమాను రాయి చుట్టూ ఎవరో సిమెంటుతో కట్టిన చట్రం తీసేసి ఆయనే సున్నంతో కట్టాడు. సిమెంటు గట్టిది, చెమ్మను లోపలే పట్టేస్తుంది. అప్పుడు బయటికి దారి లేక మెత్తటి ఇటుక, సున్నం బలవుతాయి. వార్నిష్ కొట్టి మెరిపిద్దామన్న ప్రతిపాదన మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ పెయింటు తలకట్టు చూపించాను.

ముగ్గుతో కట్టిన చాపెల్

నాకు ఈ ఉద్యోగంలో ఇష్టమైన రోజు ఇది కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. 41 వస్తువుల్లో ఏది పాత చాపెల్లో ఎక్కడుండేదో ఎక్కడా రాసి లేదు. సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లినవాళ్లకు తెలుసు, చుట్టూ నేలంతా సమాధి రాళ్లే. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠించిన ఆ చర్చి ఆవరణలో 1652 నాటి ఎలిజబెత్ బేకర్ రాయి కూడా ఉంది. చర్చి కన్నా రాయి పాతది ఎలా అయింది? ఆ రాళ్లు మొదట ఇప్పుడు లా కాలేజీ ఉన్న చోటి శ్మశానంలో ఉండేవి. 1758-59 ముట్టడిలో ఫ్రెంచివాళ్లు ఆ సమాధుల చాటున దాక్కుని కోట మీద కాల్పులు జరిపారు. ముట్టడి పోయాక ఈస్టిండియా కంపెనీ ఆ కట్టడాలు తీసేయించి రాళ్లను చర్చి దగ్గర పరిపించింది. ఇది తెలియని మనిషి అడుగడుక్కీ తన కాళ్ల కింద ఎవరో ఉన్నారనుకుని తప్పుకుని నడుస్తాడు. మా ముక్కలకూ ఇంకో తరంలో ఇదే గతి.

అందుకని ఒక శనివారం సాయంత్రం, పాత చాపెల్లో పెళ్లి చేసుకున్నవాళ్లనీ, బాప్తిస్మం తీసుకున్నవాళ్లనీ పదకొండు మందిని పిలిచాం. కార్లు నిలిపే జాగాలో రత్నమ్మ గారి కోడలు ముగ్గుపిండితో చాపెల్ కొలతలు నేల మీద గీసింది. "మీరు ఎప్పుడూ కూర్చునే చోట నిలబడండి" అన్నాను. ఒక నిమిషం ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకావిడ తిన్నగా వెళ్లి ముగ్గు గోడ పక్కన నిలబడి, "ఇక్కడ స్తంభం అడ్డం. నాకు ఏనాడూ అయ్యగారి మొహం కనపడలేదు" అంది. స్తంభం దొరికింది! ఆడవాళ్లు కుడివైపా ఎడమవైపా అని ఇద్దరు ముసలాయనలు పోట్లాడుకున్నారు. గంట తాడు ఎక్కడ వేలాడేదో అందరూ ఒకే చోటు చూపించారు, ఎందుకంటే చిన్నప్పుడు అందరూ దొంగతనంగా లాగినవాళ్లే. ఆ సాయంత్రం 41లో 29కి చోటు దొరికింది. మిగతావాటి లేబుళ్ల మీద చోటు తెలియదని రాశాం.

పలక

నల్లరాతి పలక పల్లవరం వైపు రాయి. ఇదే జాతి రాయికి 1893లో హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త చార్నొకైట్ అని పేరు పెట్టాడు, కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే కంపెనీ అధికారి సమాధి రాయిని చూసి. ఉప్పు దీన్నేం చేయలేదు. సున్నం వెల్లలు మాత్రం అక్షరాల్లో నిండాయి. బండి ఱ, అరసున్నలతో చెక్కిన నాలుగు వరుసలు, చివర 1838. బోర్డు మీదా అదే. 2038లో ద్విశతాబ్ది చేయాలని అప్పుడే ఫండు కూడా మొదలైంది.

రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చిని రాయికి ఆనించినట్టు పక్కనుంచి కొట్టాను. గాట్లలో నీడలు పడ్డాయి. మూడో అంకెకు ఎడమవైపు కూడా వంపు ఉంది, సున్నంతో పూడిపోయింది. వెదురు పుల్లతో తీస్తే 8 అయింది. 1888.

పెద్దాయన రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. "ఒక్క టార్చి లైటుతో యాభై ఏళ్లు తీసేశావు కదమ్మా" అన్నాడు. ఆ వారం బోర్డు మార్చలేదు. ఆ తర్వాతి వారమూ మార్చలేదు. కాటన్ అనే ఐసీఎస్ అధికారి 1905లో మద్రాసు సమాధి రాళ్ల మీది ముఖ్యమైన శాసనాలను పట్టిక వేసి అచ్చేశాడు. అప్పటికి చదవగలిగిన అక్షరాలు తర్వాత అరిగిపోయినా, ఆ పట్టికలో బతికే ఉన్నాయి. అలాగే మేమూ పలకను ఫొటోలు తీసి, చేత్తో నకలు రాసి, దానిపై పెద్దాయన చేత సంతకం పెట్టించాం. సంతకం పెట్టాక ఆయనే నిచ్చెన తెప్పించి బోర్డు దింపించాడు.

ఇప్పుడు

ప్రతి ముక్క కింద నల్ల కాగితం ఉంది. రత్నమ్మ గారు సోమవారం సోమవారం దాన్ని బ్రష్‌తో దులిపి, బంగారం తూచే చిన్న కాటాలో తూచి నోటు పుస్తకంలో రాస్తుంది. ఏసీ ఉన్న రోజుల్లో రెండు తలకట్టుల కింద కలిపి వారానికి 11 గ్రాముల దాకా వచ్చేది. ఇప్పుడు ఎక్కువ వారాలు ఒక గ్రాము లోపే. మే నెలలో మాత్రం మళ్లీ మూడుకు పోయింది. వడగాలి మధ్యాహ్నాల్లో గది దానంతటదే 75 గీత కిందికి దిగుతుంది, దాన్ని నేను ఆపలేను. గంటకు వేలాడదీసే కొయ్య చట్రం ఇంకా తేలలేదు. లోపల చెద ఎంత తిన్నదో తెరిస్తేగానీ తెలియదు, తెరిస్తే నిలబడదు. రంగు అద్దాల డబ్బా అలాగే ఉంది.

హార్లిక్స్ సీసాను 42వ వస్తువుగా రిజిస్టర్లో ఎక్కించాను. దాన్ని శనివారం తుడవాలా వద్దా అని రత్నమ్మ గారు అడిగింది. తుడవండి, పొడి గుడ్డతో అన్నాను.